శిలాసాక్ష్యం – విశ్వాసం

ప్రక్రియ: వ్యాసం

ఉద్దేశం: జీవపరిణామ శాస్త్రానికీ మత విశ్వాసానికీ మధ్యగల సంబంధాన్ని మన ప్రాంతపు శిలల ఆధారంగా, మన సంప్రదాయంలోని దశావతార గాథ ఆధారంగా విద్యార్థులు ఆలోచించేటట్లు చేయడం.

పాఠ్యభాగం

కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో, వేముల మండలంలో, తుమ్మలపల్లె అనే చిన్న గ్రామం ఉంది. 2007లో అక్కడ యురేనియం గనికి శంకుస్థాపన జరిగింది. 2012లో గని పని ఆరంభించింది. అంతవరకు జిల్లా దాటి ఎరుగని ఆ ఊరి పేరు దేశమంతటా వినబడింది. గని వ్యర్థాలవల్ల తమ బావుల నీరు చెడిపోతున్నదని పరిసర గ్రామాల రైతులు చేసిన ఆందోళన మరొక పాఠానికి తగిన విషయం. ఇక్కడ మనం పరిశీలించవలసింది యురేనియాన్ని తన గర్భంలో దాచుకొన్న ఆ రాయిని.

అది ఒక విధమైన సున్నపురాయి. డోలోమైటు అని దానికి శాస్త్రీయనామం. ఈ రాతిపొరలను మొదటగా క్రమబద్ధంగా వర్ణించినవాడు భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్. కడప, కర్నూలు శిలాసముదాయాలను గురించి ఆయన రచించిన గ్రంథం 1872లో వెలువడింది. ఆయన అడుగుపొరల సముదాయానికి పాపఘ్ని నది పేరును, అందులోని సున్నపురాయికి వేంపల్లె పేరును స్థిరపరిచాడు. పాపాలను హరించేది అని అర్థమిచ్చే ఆ నది పేరు ఈనాడు భూవిజ్ఞాన గ్రంథాలలో ఒక శిలాసముదాయానికి పేరుగా నిలిచి ఉన్నది. భక్తుడు పెట్టిన పేరును శాస్త్రజ్ఞుడు మార్చలేదు. మార్చవలసిన అవసరం ఆయనకు కలగలేదు.

వేంపల్లె పరిసరాలలోని సున్నపురాతి బండలను నిదానించి చూస్తే వాటిపై ఒక వింత అల్లిక కనిపిస్తుంది. కొన్నిచోట్ల ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్లు వలయాలు, కొన్నిచోట్ల బోర్లించిన గిన్నెలను ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు సన్నని పొరలు ఉంటాయి. వీటికి స్ట్రోమటోలైట్లు అని పేరు. ఇవి శిల్పి చెక్కినవి కావు, నీటి ఒరిపిడికి ఏర్పడినవీ కావు. ఒకనాడు ఈ నేలను కప్పి ఉన్న లోతులేని సముద్రంలో కంటికి కనబడనంత సూక్ష్మమైన జీవులు జిగురు చాపలవలె పరచుకొని జీవించాయి. నీలి ఆకుపచ్చ శైవలాలని మన జీవశాస్త్ర పుస్తకాలు చెప్పే సయానోబ్యాక్టీరియా ఆ జీవులలో ముఖ్యమైనవి. నీటిలోని సన్నని మట్టి ఆ జిగురుకు అంటుకొనేది. మట్టి కప్పివేయగా జీవులు వెలుతురు కోసం పైకి పాకి మరొక చాపను పరచేవి. చాపమీద చాపగా, పొరమీద పొరగా పెరిగి చివరకు రాయిగా మారినవే ఈ వలయాలు. ఆస్ట్రేలియా పశ్చిమ తీరంలోని షార్క్ బే అనే అఖాతంలో ఇటువంటివి ఈనాటికీ సజీవంగా పెరుగుతున్నాయి. అందువల్లనే వేంపల్లె రాతిలోని గీతలను మనం చదవగలుగుతున్నాము.

ఈ రాయి వయస్సెంత? పొరల వరుస కొంత చెబుతుంది. వేంపల్లె సున్నపురాతిపైన పులివెందుల పేరుగల గట్టిరాతిపొర, దానిపైన తాడిపత్రి పొరలు, వాటిపైన గండికోట రాయి ఉన్నాయి. జమ్మలమడుగు సమీపాన పెన్నానది కోసిన గండికోట లోయ గోడలలో కనిపించేది ఈ పైరాయే. అనగా తుమ్మలపల్లె నుండి గండికోటకు వెళ్ళినవాడు తెలియకుండానే కాలంలో ముందుకు ప్రయాణిస్తున్నాడన్నమాట. తాడిపత్రి పొరల మధ్యకు భూగర్భం నుండి శిలాద్రవం చొచ్చుకొనివచ్చి గడ్డకట్టిన బండ ఒకటి పులివెందుల దగ్గర ఉన్నది. దాని వయస్సు సుమారు 188 కోట్ల సంవత్సరాలని నిర్ధారించారు. చొచ్చుకొనివచ్చిన దానికంటె చొరబడటానికి చోటిచ్చిన పొరలు ముందువి. వాటి అడుగున ఉన్న వేంపల్లె రాయి మరింత ముందుది. తుమ్మలపల్లె డోలోమైటును నేరుగా పరీక్షించిన శాస్త్రజ్ఞులకు దాని వయస్సు సుమారు 200 కోట్ల సంవత్సరాలని తేలింది. ఆనాటికి భూమిమీద చెట్టు లేదు, పురుగు లేదు. చేప పుట్టడానికి ఇంకా దాదాపు 150 కోట్ల సంవత్సరాల వ్యవధి ఉన్నది.

ఇంత దీర్ఘకాలాన్ని లెక్కించిన గడియారం ఏది? అది యురేనియమే. ఈ విషయంలో తుమ్మలపల్లెకు పరిణామ సిద్ధాంత చరిత్రతో విడదీయరాని సంబంధం ఉన్నది.

చార్లెస్ డార్విన్ తన ‘జాతుల ఉత్పత్తి’ గ్రంథాన్ని 1859లో ప్రకటించాడు. ఒక జాతి జీవులన్నీ ఒకే తీరుగా ఉండవు. వాటిలోని భేదాలలో కొన్ని సంతానానికి సంక్రమిస్తాయి. పరిసరాలకు ఒదిగిన భేదంగల జీవులు ఎక్కువగా బ్రతికి ఎక్కువ సంతానాన్ని మిగులుస్తాయి. ఈ చిన్న మార్పులు తరతరాలుగా కూడి కొత్త జాతులు ఏర్పడతాయి. దీనినే ప్రకృతి వరణం అంటారు. ఇది నెమ్మదిగా సాగే క్రియ కనుక దీనికి అపారమైన కాలం కావాలి. ఆ కాలం ఉన్నదా అన్నదే నాటి ప్రశ్న. ఇంగ్లండులోని ఒక లోయ కోసుకుపోవడానికి 30 కోట్ల సంవత్సరాలు పట్టి ఉంటుందని డార్విన్ తన తొలి ముద్రణలో లెక్క వేశాడు. విమర్శలు రాగా 1861 నాటి మూడవ ముద్రణలో ఆ లెక్కను తొలగించాడు. 1862లో విలియం థామ్సన్, అనగా తరువాతి కాలంలో లార్డ్ కెల్విన్‌గా ప్రసిద్ధుడైన భౌతికశాస్త్రవేత్త, కాగిన భూగోళం చల్లారడానికి పట్టే కాలాన్ని గణించి భూమి వయస్సు 2 కోట్లకూ 40 కోట్లకూ మధ్య ఉంటుందని ప్రకటించాడు. తరువాత ఆ హద్దును ఇంకా కుదించాడు. తనను మిక్కిలిగా బాధించిన ఆక్షేపాలలో ఇదొకటని డార్విన్ మిత్రునికి వ్రాసుకొన్నాడు. 1882లో ఆయన మరణించేనాటికి ఈ చిక్కు విడలేదు.

గమనింపదగినదేమనగా, డార్విన్‌కు ఆనాడు ఎదురైన గట్టి ఆక్షేపం మతపీఠం నుండి వచ్చినది కాదు, శాస్త్రం లోపలినుండే వచ్చింది. దానికి సమాధానమూ శాస్త్రం లోపలినుండే లభించింది. 1896లో హెన్రీ బెక్రెల్ యురేనియం లవణాల నుండి అదృశ్య కిరణాలు వెలువడుతున్నాయని కనుగొన్నాడు. యురేనియం తనంతట తాను క్షీణిస్తూ చివరకు సీసంగా మారుతుందనీ, ఆ మార్పు వేగం స్థిరమనీ క్రమంగా తేలింది. యురేనియం–238లో సగభాగం సీసంగా మారడానికి సుమారు 447 కోట్ల సంవత్సరాలు, యురేనియం–235కు సుమారు 70 కోట్ల సంవత్సరాలు పడుతుంది. ఒకే రాతిలో రెండు వేగాలతో నడిచే రెండు గడియారాలున్నాయన్నమాట. ఒకదాని లెక్కను రెండవదానితో సరిచూసుకోవచ్చు. 1907లో అమెరికా శాస్త్రవేత్త బోల్ట్‌వుడ్ ఈ పద్ధతిలో కొన్ని ఖనిజాల వయస్సు 41 కోట్ల నుండి 220 కోట్ల సంవత్సరాల వరకు ఉన్నదని ప్రకటించాడు. ఆయన అంకెలను తరువాతివారు సవరించారు గాని మార్గం నిలిచింది. 1956లో ప్యాటర్‌సన్ భూమి వయస్సు 455 కోట్ల సంవత్సరాలని లెక్కగట్టాడు. డార్విన్ కోరిన కాలం దొరికింది. తుమ్మలపల్లె రాయి ప్రాచీన జీవుల అచ్చును ఒక చేత, ఆ కాలాన్ని కొలిచే గడియారాన్ని మరొక చేత పట్టుకొని ఉన్నది.

ఇక విశ్వాసం సంగతి. కాలాన్ని గురించి ప్రతి మతానికీ ఏదో ఒక భావన ఉన్నది. పదిహేడవ శతాబ్దంలో ఐర్లండుకు చెందిన ఆర్చిబిషప్ అషర్ బైబిలులోని వంశావళులను లెక్కించి క్రీస్తుపూర్వం 4004లో సృష్టి జరిగిందని నిర్ణయించాడు. ఆ సంవత్సరం చాలాకాలం ఆంగ్ల బైబిలు అంచులలో అచ్చయింది. హైందవ పురాణాల లెక్క ఇందుకు భిన్నం. 43 లక్షల 20 వేల సంవత్సరాలు ఒక మహాయుగం. అటువంటివి వేయి కలిస్తే బ్రహ్మకు ఒక పగలు, అనగా 432 కోట్ల సంవత్సరాలు. మన ఇండ్లలో వ్రతానికో వివాహానికో కూర్చున్నవారు సంకల్పంలో శ్వేతవరాహ కల్పాన్ని, వైవస్వత మన్వంతరాన్ని స్మరిస్తారు. కాలం మనిషి ఊహకు అందనంత పెద్దదన్న భావన మనవారికి కొత్త కాదు. కాని ఇక్కడొక జాగ్రత్త అవసరం. 432కూ 455కూ దగ్గర కనుక ప్రాచీనులు భూమి వయస్సును కనుగొన్నారని కొందరు సంతోషిస్తారు. పురాణం ఆ అంకెను భూమి వయస్సుగా చెప్పలేదు. అది బ్రహ్మకు పగలు. ఆ పగటిలో ఇంకా సగమైనా గడవలేదని కూడా ఆ లెక్కే చెబుతుంది. రెండు అంకెలు పక్కపక్కన కనబడినంతమాత్రాన చుట్టరికం కలపరాదు.

ఇటువంటి చుట్టరికాలలో మిక్కిలి ప్రసిద్ధమైనది దశావతారాలకూ పరిణామానికీ కలిపినది. నీటిలో చేప, నీటిలోనూ నేలమీదా తిరిగే తాబేలు, నేలమీది వరాహం, సగం మృగం సగం నరుడైన నరసింహుడు, పొట్టివాడైన వామనుడు, గొడ్డలి పట్టిన పరశురాముడు, విల్లు పట్టిన రాముడు – ఈ వరుస వినగానే ముచ్చటగా తోస్తుంది. మన తరగతి గదులలో దీనిని వినని విద్యార్థి అరుదు. అయితే ఈ పోలిక ఎప్పటిది? తాళ్లపాక అన్నమాచార్యులు పదిహేనవ శతాబ్దంలో ఈ జిల్లాలోనే పుట్టి అవతారాలను అనేక పదాలలో కీర్తించాడు. పోతన భాగవతంలో మత్స్యకూర్మాల కథలున్నాయి. వారెవ్వరూ వీటిలో జీవుల వంశక్రమాన్ని చూడలేదు. ఈ పోలిక డార్విన్ గ్రంథం తరువాత పుట్టింది. 1877లో దివ్యజ్ఞాన సమాజ స్థాపకురాలు బ్లావట్‌స్కీ, 1882లో బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ దీనిని ప్రతిపాదించారు. పాలకుల విజ్ఞానం ముందు తలవంచుకోవలసిన స్థితిలో ఉన్న దేశానికి అది ఊరట కలిగించింది. ఆ ఊరటను మనం పరిహసించనక్కరలేదు. ప్రసిద్ధ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ సైతం అవతారాల వరుస సకశేరుకాల పరిణామాన్ని స్థూలంగా తలపిస్తుందని అన్నాడు. 1957లో భారతదేశానికి వచ్చి ఇక్కడి పౌరుడైన ఆయనకు పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణ శిష్యుడు. 1964లో భువనేశ్వర్‌లో మరణించిన హాల్డేన్ తన భౌతికకాయాన్ని విద్యార్థుల అధ్యయనం కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు వ్రాసి ఇచ్చాడు. దేవుని నమ్మని ఆ శాస్త్రవేత్త దశావతారాలను పోలికగా చెప్పాడే గాని ప్రమాణంగా చెప్పలేదు.

పోలికను ప్రమాణం చేయబోతే ఏమవుతుందో చూడండి. పరిణామం నిచ్చెన కాదు. కొమ్మలు చీలిన చెట్టు. చేపలు అంతరించి తాబేళ్లు రాలేదు. చేపలు ఈనాటికీ ఉన్నాయి. తాబేలు ఉభయచరం కాదు, సరీసృపం. సగం సింహం సగం మనిషి అయిన జీవి ఏ రాతిలోనూ లేదు. వామనుని తరువాతి అవతారాలన్నీ మానవరూపాలే. 200 కోట్ల సంవత్సరాలనాటి తుమ్మలపల్లె సూక్ష్మజీవికి ఈ వరుసలో చోటే లేదు. డార్విన్ కనుగొన్న అసలు విషయం జీవులు మారుతాయన్నది కాదు, అది ఆయనకు ముందే కొందరు అన్నారు. ఎందువల్ల మారుతాయన్నదే ఆయన కనుగొన్నది. ఆ కారణం, ప్రకృతి వరణం, దశావతార గాథలో ఎక్కడా లేదు.

శాస్త్రానికి కలిగే నష్టం ఇది. భక్తికి కలిగే నష్టం ఇంతకంటె తక్కువది కాదు. అవతారమనగా దిగిరావడం. ఆర్తుని మొర విని, ధర్మానికి హాని కలిగినప్పుడు, భగవంతుడు తన ఇచ్ఛతో దిగివస్తాడని ఆ గాథ భావం. ప్రకృతి వరణంలో ఎవరి ఇచ్ఛా లేదు, ఎవరూ దిగిరారు. ప్రహ్లాదుని పిలుపునకు స్తంభం నుండి వెలువడిన నరసింహుని మృగానికీ మనిషికీ నడుమ ఒక మెట్టుగా చేస్తే ఆ కథలో పిలుపూ మిగలదు, పలుకూ మిగలదు. అంతేకాదు, శాస్త్రం తన లెక్కలను సవరించుకొంటూ సాగుతుంది. నేటి లెక్కకు ముడివేసిన విశ్వాసం రేపు ఆ లెక్క మారినప్పుడు ఏమి కావాలి? గుడిని గుడిగా ఉండనివ్వడమే గౌరవం.

ఈ విషయమై మన కాలంలోనే వాదాలు చెలరేగాయి. 2018 జనవరిలో ఒక కేంద్ర సహాయమంత్రి డార్విన్ సిద్ధాంతం తప్పనీ, దానిని పాఠాల నుండి మార్చాలనీ అన్నారు. దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి ఆ మాటను ఖండించాయి. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయపు నాటి ఉపకులపతి దశావతారాలు డార్విన్ సిద్ధాంతంకంటె మెరుగైనవని ప్రసంగించగా దేశమంతటా శాస్త్రజ్ఞులు నిరసన తెలిపారు. 2023లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి పదవ తరగతి పుస్తకం నుండి పరిణామ పాఠ్యాంశాన్ని తొలగించింది. దానిని తిరిగి చేర్చాలని 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు, విద్యావంతులు సంతకాలు చేశారు. పదవ తరగతి తరువాత జీవశాస్త్రం చదవని విద్యార్థికి పరిణామాన్ని తెలుసుకొనే అవకాశమే లేకపోవడం వారి ముఖ్యమైన ఆవేదన.

శాస్త్రం చదివినవాడు విశ్వాసాన్ని విడువవలసిందేనా అని కొందరు తల్లిదండ్రులు భయపడతారు. డార్విన్ స్వయంగా తాను నాస్తికుడనని చెప్పుకోలేదు. మనిషి గాఢమైన ఆస్తికుడై ఉండి పరిణామవాది కూడా కావచ్చునని 1879లో ఒక లేఖలో వ్రాశాడు. పరిణామ శాస్త్రానికి గణిత పునాదులు వేసిన ఫిషర్, పరిణామపు వెలుగులో తప్ప జీవశాస్త్రం బోధపడదని 1973లో వాదించిన డోబ్జాన్‌స్కీ ఇద్దరూ క్రైస్తవ విశ్వాసులే. 1996లో పోప్ రెండవ జాన్ పాల్ పరిణామం కేవలం ఊహ స్థాయిని దాటిందని అంగీకరించారు. హాల్డేన్ వంటి నాస్తికులూ ఉన్నారు. విశ్వాసం విషయంలో వీరందరి దారులు వేరు. సాక్ష్యం విషయంలో మాత్రం అందరిదీ ఒకే దారి.

వేంపల్లెకు సమీపాన పాపఘ్ని కొండలను చీల్చుకొని పారేచోట గండి వీరాంజనేయస్వామి క్షేత్రం ఉన్నది. శ్రీరాముడు బాణపు మొనతో బండపై హనుమంతుని రూపాన్ని గీశాడని స్థలపురాణం. అక్కడ శ్రావణమాసంలో వేలాదిమంది భక్తులు బారులు తీరుతారు. ఆ బండ వయస్సెంతని అడగటానికి వారు రారు. బిడ్డకు జబ్బు నయమైన మొక్కు తీర్చటానికి వస్తారు. అదే బండముందు భూవిజ్ఞాన విద్యార్థి సుత్తి పట్టుకొని నిలిస్తే అతడు అడిగే ప్రశ్న వేరు. ఒకే మనిషి ఉదయం సుత్తితోనూ సాయంత్రం కొబ్బరికాయతోనూ వెళ్ళవచ్చు. సుత్తి అడిగిన ప్రశ్నకు కొబ్బరికాయతో జవాబు చెప్పబోయినప్పుడే చిక్కు వస్తుంది.

పరిణామం గతించిన కాలపు సంగతి మాత్రమే అనుకొనేవారు పత్తిచేనికి వెళ్ళి చూడాలి. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి లభించింది. కాయతొలుచు పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకొంటుంది. మొదట పురుగు మందుల ఖర్చు తగ్గింది. కాని వేలాది పురుగులలో ఏ ఒక్కటో ఆ విషాన్ని తట్టుకోగలిగినది ఉంటుంది. మిగిలినవి చస్తాయి, అది బ్రతుకుతుంది. దాని పిల్లలు చేనంతా నిండుతాయి. గుజరాత్‌లో గులాబీరంగు పురుగు తొలి తరం బీటీ పత్తిని తట్టుకొంటున్నదని 2010లో వెల్లడైంది. తరువాత రెండవ తరం బీటీనీ తట్టుకొన్నది. తెలుగు రాష్ట్రాల రైతులూ ఆ పురుగువల్ల నష్టపోయారు. ఇది డార్విన్ చెప్పిన ప్రకృతి వరణమే. 200 కోట్ల సంవత్సరాలలో కాక పదేండ్లలో జరిగింది.

దీనికి విరుగుడును సైతం పరిణామ శాస్త్రమే సూచించింది. బీటీ చేను చుట్టూ ఐదు వరుసలు గాని, ఐదవవంతు పొలం గాని మామూలు పత్తి వేయాలని మొదట నియమం పెట్టారు. అక్కడ విషం తగలని పురుగులు బ్రతికి, విషాన్ని తట్టుకొన్న పురుగులతో జతకూడుతాయి. అప్పుడు తట్టుకొనే గుణం త్వరగా వ్యాపించదు. పురుగుకు మేతగా పంటను విడవడం ఎందుకని చాలామంది రైతులు ఆ వరుసలను వేయలేదు. వారికి విత్తనం అమ్మినవారు వరుసలు వేయమన్నారే గాని ఎందుకో విడమరచి చెప్పినవారు తక్కువ. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు నల్లరేగడి చేలలో ఏరువాక పున్నమినాడు కాడెద్దులకు పసుపు కుంకుమలు పెట్టి పూజించే రైతు ఆ పూజను మానవలసిన అవసరం లేదు. చేను చుట్టూ ఆ ఐదు వరుసలు ఎందుకు వేయమన్నారో మాత్రం పదవ తరగతి చదివిన అతని కూతురు అతనికి చెప్పగలిగి ఉండాలి.

అర్థాలు

శిలాద్రవం – భూగర్భంలో కరిగి ఉన్న రాయి
అఖాతం – నేలలోకి చొచ్చుకొనివచ్చిన సముద్రభాగం
వరణం – ఎన్నిక, ఏరుకోవడం
సకశేరుకాలు – వెన్నెముకగల జంతువులు
ఆర్తుడు – ఆపదలో ఉన్నవాడు

ప్రశ్నలు

1. తుమ్మలపల్లె రాయికీ పరిణామ సిద్ధాంత చరిత్రకూ గల సంబంధాన్ని వివరించండి.
2. దశావతారాలను పరిణామానికి ప్రమాణంగా చూపడంవల్ల శాస్త్రానికీ భక్తికీ కలిగే నష్టమేమిటి? మీరు ఈ అభిప్రాయంతో ఏకీభవిస్తారా? కారణాలు వ్రాయండి.
3. బీటీ పత్తి చుట్టూ మామూలు పత్తి వేయమన్న కారణాన్ని మీ ఊరి రైతుకు చెబుతున్నట్లుగా, ఆయనను వరుస పెట్టి పిలుస్తూ, సంభాషణ రూపంలో వ్రాయండి.